ఇచ్చిందే, కానీ దేనికిచ్చారు?





ఈసారి కరపత్రం ముఖ్యంగా మన ఇళ్లలో ఇంజనీరింగు, ఎంసీఏ చదివి ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లల కోసం. ఇంట్లో చదవడం రాని పెద్దవాళ్లుంటే వాళ్లకి చదివి వినిపించండి. కంప్యూటరు సంగతి కదా అని వాళ్లని పక్కన పెట్టకండి. ఇక్కడ లేచిన ప్రశ్న రెండో శీలం గురించి, అది అందరిదీ.

మొన్న పున్నమినాడు వందన అయింది. త్రిశరణాలు, పంచశీల కలిసి చెప్పుకున్నాం. అందరూ చాపలు చుట్టేస్తుంటే ఒక కుర్రాడు వచ్చి నా పక్కన కూచున్నాడు. ఎచ్చెర్ల దగ్గర ఊరు. తండ్రి తాపీపని, తల్లి ఉపాధిహామీ పనికి వెళ్తుంది. ఆ ఇంట్లో పదోతరగతి దాటిన మొదటి మనిషి వీడే. హైదరాబాదులో ఒక కంపెనీ వాడికి కోడింగ్ అసైన్‌మెంట్ ఇచ్చింది.

తెలియని వాళ్ల కోసం చెప్తాను. కంపెనీవాళ్లు ఒక సమస్య ఇస్తారు, దానికి ప్రోగ్రాము రాసి చూపాలి. కొందరు గంటన్నరలో కంప్యూటరు ముందు కూచుని రాయమంటారు. కొందరు రెండు మూడు రోజులు గడువిచ్చి, ఇంటి దగ్గర రాసి పంపమంటారు. లింకు తెరవగానే ముందు షరతుల పేజీ వస్తుంది. ఈ ప్రశ్నను గానీ, జవాబును గానీ ఎవరికీ చూపించను, ఎక్కడా పెట్టను అని అందులో ఉంటుంది. కింద చిన్న గడి. అందులో టిక్ పెడితేగానీ ప్రశ్న కనబడదు. వీడూ టిక్ పెట్టాడు, రాశాడు, పంపాడు.

"మా కాలేజీ గ్రూపులో మనవాళ్లు ఆరుగురున్నారు సార్. వచ్చే వారం అదే కంపెనీకి రాస్తున్నారు. 'అన్నా, ఏటిచ్చారో పెట్టన్నా' అని రోజూ మెసేజీలు. పెడితే అది దానమా, అదిన్నాదానమా?" అనడిగాడు.

నేనేమన్నానో దాచను. "మనవాళ్లకే కదా నాయనా, పెట్టు. ఇందులో దొంగతనమేటుంది?" అనేశాను. పక్కన ఇద్దరు ముగ్గురు తలూపారు కూడా. వాడు మాత్రం తలూపలేదు. "ఆలోచిస్తాను సార్" అని లేచిపోయాడు.

బస్సులో విజయనగరం వస్తూ ఆ మాటే తిప్పితిప్పి చూసుకున్నాను. ఇల్లు చేరే వేళకి నేను తప్పు చెప్పానని అర్థమైంది. రాత్రి పదింటికి ఫోను చేసి "ఇంకా పెట్టలేదు కదా? ఆగు" అన్నాను. ఎందుకు ఆగమన్నానో ఆ ఫోనులో సరిగా చెప్పలేకపోయాను. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాను.

నా నోట ఆ జవాబు అంత తొందరగా ఎందుకొచ్చిందో మీకు తెలుసు. చదువు దాచిపెట్టిన దేశం ఇది. వినడానికి వీల్లేదు, చదవడానికి వీల్లేదు, రాయడానికి వీల్లేదు అని తరాల తరబడి మన తాతముత్తాతలకు తలుపు మూసిన సమాజం. కాబట్టి 'ఎవరికీ చెప్పకు' అనే మాట వినగానే మన ఒళ్లు మండుతుంది. దానికితోడు ఇంకో నిజం ఉంది. అవతలివాళ్లకి కంపెనీల్లో బావలున్నారు, బాబాయిలున్నారు, కాలేజీ సీనియర్లున్నారు. ఏ ప్రశ్నలొస్తాయో వాళ్లకి ముందే చేరిపోతుంది. మన పిల్లలకి అలాంటి చుట్టం ఒక్కడూ ఉండడు. మరి మనం చెప్పుకుంటే తప్పేటి? ఇది చిన్న వాదన కాదు. దీన్ని తీసిపారేసే వాళ్లకి మన బతుకు తెలియదు.

బుద్ధుడు కూడా దాపరికానికి వ్యతిరేకే కదా అని మీరనొచ్చు. నిజమే. మహాపరినిబ్బాన సుత్తంలో, చివరి రోజుల్లో, ఆనందుడితో తథాగతుడు చెప్పిన సంగతి గుర్తుచేసుకోండి. ధమ్మం విషయంలో తనకు గురువు మూసిన పిడికిలి లేదన్నాడు. లోపలివాళ్లకొకటి, బయటివాళ్లకొకటి చెప్పలేదు. మంత్రాన్ని పిడికిట్లో బిగించి, నచ్చిన శిష్యుడి చెవిలో మాత్రమే ఊదే పద్ధతి మీద అది దెబ్బ.

అయితే ఆ పిడికిలిలో ఉన్నది ఏమిటో చూడాలి. ధమ్మం ఆయనదే. తాను కష్టపడి కనుగొన్నది, తాను ఇవ్వగలిగింది. పరాయివాడు నమ్మి చేతికిచ్చిన వస్తువు కాదు.

ఇప్పుడు రెండో శీలం మాట. దిన్నం అంటే ఇచ్చినది. అదిన్నం అంటే ఇవ్వనిది. ఆదానం అంటే తీసుకోవడం. ఇవ్వనిది తీసుకోను అని మనం చెప్పుకుంటున్నాం. తెలుగులో 'దొంగతనం చేయను' అని పొట్టిగా చెప్పేసరికి సగం అర్థం జారిపోయింది. దొంగతనం అంటే రాత్రిపూట కన్నం, జేబు కత్తిరింపు గుర్తొస్తాయి. 'ఇవ్వనిది' అంటే ఇంకా దగ్గరికొచ్చి అడుగుతుంది. ఎవరిచ్చారు? ఎవరికిచ్చారు? దేనికిచ్చారు?

పలాస, కాశీబుగ్గ వైపు జీడిపిక్కలు ఒలిచే మన ఆడవాళ్లని అడగండి. పిక్కలు తూకం వేసి ఇస్తారు, పప్పు తూకం వేసి తీసుకుంటారు. ఆ పిక్కలు ఆమె చేతిలోనే ఉన్నాయి, ఆమె ఒళ్లోనే ఉన్నాయి. ఇచ్చారా అంటే ఇచ్చారు. ఒలవడానికిచ్చారు. అందులోంచి ఒక దోసెడు పక్కింటికి పెడితే దాన్ని ఏమంటారో ఆమెకి ఎవరూ ధమ్మం చెప్పక్కర్లేదు. పక్కింటామె పెళ్లికెళ్తూ గేదెకి కుడితి పెట్టమని తాళంచెవి ఇస్తుంది. ఆ తాళంచెవితో ఇంకొకర్ని ఇంట్లోకి పంపితే, పంపింది మన చుట్టమే అయినా, ఆమె తిరిగొచ్చాక మన మొహం చూస్తుందా?

వినయపిటకంలో ఇదే సంగతి మీద ఒక కథ ఉంది. భిక్షువులకు దొంగతనం నిషేధించిన రెండో పారాజికం అక్కడే పుట్టింది. నాకు ఈ కథ చాలా ఏళ్లుగా తెలుసు. ఆ పున్మినాడే గుర్తు రాకపోవడం నా ఖర్మ అనను గానీ, నా నిర్లక్ష్యం.

రాజగృహంలో ధనియుడని ఒక భిక్షువు. కుమ్మరి కొడుకు. గడ్డితో గుడిసె వేసుకున్నాడు. భిక్షకి ఊళ్లోకి వెళ్లొచ్చేసరికి గడ్డీ కట్టెలూ ఏరుకునేవాళ్లు దాన్ని పీకి పట్టుకుపోయారు. మళ్లీ వేశాడు, మళ్లీ పీకేశారు. ఇలా మూడుసార్లు. కులవృత్తి చేతిలో ఉంది కదా, మట్టితో ఇల్లు కట్టి కాల్చాడు. ఎర్రగా, చక్కగా కుదిరింది. మట్టి తవ్వి కాల్చడంలో చిన్న ప్రాణులు చస్తాయని బుద్ధుడు దాన్ని పగలగొట్టించాడు. ఇక కలప ఇల్లే గతి అనుకుని ధనియుడు రాజుగారి కలప కాపలాదారు దగ్గరికి వెళ్లాడు. అది నగరం మరమ్మతులకి, ఆపద సమయానికి దాచిన కలప. రాజు ఇస్తే తీసుకోండి అన్నాడు కాపలాదారు. రాజు ఇచ్చాడు అన్నాడు ధనియుడు. బౌద్ధ భిక్షువు అబద్ధమాడతాడా అని కాపలాదారు నమ్మాడు. కలప వెళ్లిపోయింది.

మంత్రి వస్సకారుడు తనిఖీకొచ్చి చూశాడు. కాపలాదారుని కట్టేసి తీసుకుపోయారు. ధనియుడు రాజు ముందుకి వెళ్లాడు. నేనెప్పుడిచ్చానని అడిగాడు బింబిసారుడు. పట్టాభిషేకం నాడు శ్రమణులకీ బ్రాహ్మణులకీ గడ్డీ కట్టే నీళ్లూ ఇచ్చానని ప్రకటించారు కదా అన్నాడు ధనియుడు. ప్రకటించాను, కానీ అది అడవిలో ఎవరిదీ కాని కట్టె గురించి అన్నాడు రాజు. భిక్షువు అనే గౌరవంతో శిక్షించకుండా వదిలేశాడు. జనం మాత్రం సంఘాన్ని ఛీ అన్నారు. బుద్ధుడు అక్కడ నియమం పెట్టాడు.

ధనియుడు చీకట్లో గోడ దూకలేదు. పట్టపగలు వెళ్లి అడిగి తెచ్చుకున్నాడు. ఒక్క 'ఇచ్చారు' అనే మాటని తనకి కావలసినంత సాగదీశాడు, అంతే. అతని కష్టం దొంగ కష్టమా? కాదు. మూడుసార్లు గూడు పోయినవాడు. పేదవాడు, శ్రమ చేసే కులంలో పుట్టినవాడు. మన కుర్రాడిలాంటివాడే. అయినా ఆ కష్టం ఇవ్వని కలపని ఇచ్చిన కలపగా మార్చలేదు. ఇంకోటి గమనించండి. కట్టేసింది ధనియుణ్ణి కాదు, కాపలాదారుని. మన తప్పుకి తాడు చాలాసార్లు వేరేవాడి చేతులకే పడుతుంది.

ప్రశ్న బయటికొస్తే కంపెనీకేం పోతుంది, ఇంకో ప్రశ్న తయారు చేసుకుంటుంది అంటారు. కంపెనీ గురించి నాకూ అంత బెంగ లేదు. పోయేది ఎవరికో చూద్దాం.

2022 అక్టోబరు 16న తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమినరీ పరీక్ష జరిగింది. 503 పోస్టులు. 2.8 లక్షల మందికి పైగా రాశారు. తర్వాతి మార్చిలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ కంప్యూటర్లలోంచి పేపర్లు బయటికి పోయాయని తేలింది. అమ్ముకున్నవాళ్లలో లోపలి ఉద్యోగులే ఉన్నారని పోలీసులు చెప్పారు. 2023 మార్చి 17న గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ పెట్టారు, వేరే కారణం మీద హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. చివరికి 2024 జూన్‌లో కొత్త నోటిఫికేషన్ మీద మరోసారి రాశారు. పేపరు కొన్నవాళ్లు కొద్దిమంది. రెండేళ్లు పోగొట్టుకున్నవాళ్లు లక్షల్లో. ఆ లక్షల్లో ఎవరుంటారు? ఇంటి దగ్గర అప్పు చేయించి, హైదరాబాదులో చిన్న గదిలో నలుగురు కలిసి ఉండి, రీడింగ్ రూములో రాత్రి దాకా కూచున్నవాళ్లు. డబ్బున్న పిల్లకి ఇంకో ఏడాది ఖర్చు భారం కాదు. మన పిల్లకి ఆ ఏడాదే పెళ్లి చేసేస్తారు.

వాట్సాప్‌లో ఆరుగురికి పెట్టడం అంతటి నేరమని నేననను. 2024లో వచ్చిన కేంద్ర చట్టం కూడా యూపీఎస్సీ, రైల్వే, బ్యాంకు, ఎన్‌టీఏ లాంటి పబ్లిక్ పరీక్షల గురించే. కంపెనీ ఇంటర్వ్యూ దానికిందకి రాదు. బయటపడితే కంపెనీ ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు. కానీ దారి అదే. ఆరుగురికి పెట్టిన స్క్రీన్‌షాట్ ఆరుగురి దగ్గర ఆగదు. ఒకడు రూమ్మేటుకి పంపుతాడు, వాడు ఊరి స్నేహితుడికి. రెండు రోజుల్లో టెలిగ్రామ్‌లో డబ్బులకి అమ్మే గ్రూపులో తేలుతుంది. అప్పుడది అందరికంటే ముందు ఎవరికి చేరుతుంది? ఎక్కువ పరిచయాలున్నవాడికి. సీతంపేట కొండమీది నుంచి దిగి, సిగ్నలు కోసం రోడ్డెక్కి పరీక్ష రాసే పిల్లకి అది చేరదు. ఆమె ఏ గ్రూపులోనూ లేదు. మనం మనవాళ్ల కోసమని తెరిచిన తలుపులోంచి ముందు పరిగెత్తేది మనవాళ్లు కాదు.

ఇంకొక మాట నా మనసులో బాగా తిరిగింది. మనకి అన్యాయం ఎక్కడ ఎక్కువ జరుగుతుంది? ఎదురుగా కూచోబెట్టి ఇంటిపేరేంటి, ఏ ఊరు, ర్యాంకెంత, ఏ కోటాలో సీటొచ్చింది అని తిప్పితిప్పి అడిగేచోట. ఎవరు సిఫార్సు చేశారని చూసేచోట. కోడింగ్ పరీక్షలో ప్రోగ్రాము సరిగా నడిచిందా లేదా అనేది యంత్రం చూస్తుంది. ఆ లెక్కకి మన ఇంటిపేరు అక్కర్లేదు. అది పూర్తి న్యాయమని నేననను. మంచి ల్యాప్‌టాపు, ఇంగ్లీషు, తీరిక ఉన్నవాడికి అక్కడా మొగ్గే. అయినా ఉన్న తలుపుల్లో మనకి కాస్త వెడల్పుగా తెరుచుకునేది అదే. ప్రశ్నలు లీకయితే ఆ పరీక్ష మీద కంపెనీకి నమ్మకం పోతుంది. నమ్మకం పోయినవాడు ఏం చేస్తాడు? పెద్ద కాలేజీలకే వెళ్తాడు, తెలిసినవాళ్లు చెప్పినవాళ్లనే తీసుకుంటాడు. అంటే మళ్లీ బావలూ బాబాయిలే. మనల్ని బయట నిలబెట్టిన ఆ పాత పద్ధతికి మనమే దారి వేసినట్టు.

నాలుగో శీలం సంగతి కూడా ఉంది, దాన్ని క్లుప్తంగా చెప్తాను. గడిలో టిక్ పెట్టడం మాటివ్వడమే. చదవకుండా టిక్ పెట్టేశాను అంటారు చాలామంది. వేలిముద్ర కాగితాల మీద మన తాతల చేత ఏం రాయించుకున్నారో తెలిసిన జాతి మనది. చదవకుండా సంతకం పెట్టే అలవాటు మనకి ఎవరికన్నా ముందు పోవాలి. చదవండి. ఒప్పుకోలేకపోతే పెట్టకండి. పెట్టాక నిలబడండి. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో దొంగతనం చేయననీ, అబద్ధమాడననీ రెండూ ఉన్నాయి. తర్వాతి తరాలు కంప్యూటర్ల ముందు కూచుంటాయని ఆ ప్రతిజ్ఞల్లో రాయలేదు నిజమే. రాయక్కర్లేదు కూడా.

అలాగని పిడికిలి బిగించుకుని కూచోమంటున్నానా? అమరావతి మహాస్తూపానికి పూర్ణఘటం చెక్కిన రాతిపలక ఇచ్చినవాళ్లలో విధికుడనే చెప్పులు కుట్టే వృత్తివాడున్నాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలు, చుట్టాలు, స్నేహితులతో కలిసి ఇచ్చానని శాసనంలో చెక్కించుకున్నాడు. రెండువేల ఏళ్ల కిందటి సంగతి. మన శాలిహుండం, రామతీర్థం కొండలమీద స్తూపాలు లేచింది కూడా ఇలాంటి చేతుల దానంతోనే. విధికుడు తన సంపాదనలోంచి ఇచ్చాడు. దానం అంటే అది. మీ సంపాదన ఏమిటి? మీరు నేర్చుకున్నది. అది ఎంతైనా ఇవ్వండి, ఎవరికైనా ఇవ్వండి.

పిల్లలు అడుగుతారని కొంచెం వివరంగా చెప్తున్నాను. కంపెనీ తన ప్రకటనలోనే ఏమేం అడుగుతామో, ఎన్ని రౌండ్లో చెప్పి ఉంటే అది చెప్పుకోవచ్చు. ఏ పుస్తకం చదివారు, రోజుకి ఎన్ని లెక్కలు చేశారు, భయం ఎలా పోగొట్టుకున్నారు, ఇంగ్లీషులో తడబడితే ఎలా సర్దుకున్నారు, ఇవన్నీ చెప్పండి. ట్రీలు, గ్రాఫులు, డేటాబేసులు కూచోబెట్టి నేర్పండి. మీరే కొత్త లెక్కలు తయారుచేసి తమ్ముళ్ల చేత, చెల్లెళ్ల చేత చేయించండి. కానీ వచ్చిన ప్రశ్నకి పేర్లు మార్చి 'మోడల్ ప్రశ్న' అని ఇస్తే అది ధనియుడి తెలివే.

గిట్‌హబ్ విషయంలో చాలామంది తెలియక తప్పు చేస్తున్నారు. రాసిన అసైన్‌మెంటు బాగుందని అందరికీ కనబడేలా పెట్టేస్తారు, రెజ్యూమెలో చూపించుకోవడానికి. దాన్ని ప్రైవేటులో ఉంచండి. చూపించుకోవాలంటే కంపెనీకి ఒక మెయిల్ రాసి అడగండి, లేదా అదే పద్ధతిలో మీ సొంత సమస్య తీసుకుని వేరే ప్రోగ్రాము రాయండి. మీ ఊరి రేషన్ డిపో లెక్కో, డ్వాక్రా సంఘం పొదుపు లెక్కో రాసి చూపితే ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం. ఇదివరకే పెట్టేసిన వాళ్లు ఇవాళ తీసెయ్యండి. దానికి పెద్దగా కుమిలిపోనక్కర్లేదు.

గోప్యం అనే మాటకి ఒక హద్దుంది, అదీ తెలియాలి. మీరు ఒప్పుకున్నది ప్రశ్న గురించి. ఇంటర్వ్యూలో కులం అడిగితే, రిజర్వేషన్ మీద వెటకారం చేస్తే, ఆడపిల్లతో అడ్డదిడ్డంగా మాట్లాడితే, ఉద్యోగం కోసం డబ్బు అడిగితే, అది ప్రశ్నపత్రం కాదు. తేదీ, సమయం రాసి పెట్టుకుని మన సంఘానికి చెప్పండి. 'మాటిచ్చాను కదా' అని అవమానం మింగి కూచోమని ఏ శీలమూ చెప్పదు. అలాగే అసైన్‌మెంట్ పేరుతో వారం రోజుల అసలు పని ఊరికే చేయించుకునే వాళ్లున్నారు. అలా అనిపిస్తే మర్యాదగా అడగండి, కాదంటే వదిలెయ్యండి.

ఏ పని చేయబోయినా ముందు, చేస్తున్నప్పుడు, చేశాక మూడుసార్లు అద్దంలో చూసుకున్నట్టు చూసుకోమని బుద్ధుడు చిన్నవాడైన రాహులుడికి చెప్పాడు. దీనివల్ల నాకు గానీ, ఇతరులకి గానీ, ఇద్దరికీ గానీ కీడుందా అని. అశోకుడు తన భాబ్రూ శాసనంలో భిక్షువులూ ఉపాసకులూ తరచూ వినాలని పేరుపెట్టి చెప్పిన వాటిలో అబద్ధం గురించి రాహులుడికి చేసిన ఆ ఉపదేశం ఒకటి. మన కుర్రాడు నా దగ్గరికొచ్చి అడగడం ఆ మొదటి చూపే. పెద్దవాణ్ణి నేను చూడకుండా జవాబిచ్చాను.

తర్వాతి ఆదివారం వాడు మళ్లీ వచ్చాడు. గ్రూపులో ఏం రాశాడో ఫోనులో చూపించాడు. ప్రశ్న చెప్పనని మాటిచ్చాననీ, కానీ పరీక్ష దాకా ప్రతి సాయంత్రం తనకొచ్చినదంతా నేర్పుతాననీ రాశాడు. ఒకడు కోపంతో ఏదో అని గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఆ మాట ఇక్కడ రాయను. ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ముగ్గురు వచ్చారు, అందులో ఒక అమ్మాయి పాలకొండ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. వాళ్లమ్మ కూడా తోడొచ్చి విహారం అరుగుమీద కూచుంది. నాలుగు రోజులు చూసి చివరికి నన్నడిగింది, "ఏటి బావూ, ఈ బాబు జీతం తీసుకోడా?" అని.

వాడి ఫలితం ఇంకా రాలేదు. క్లాసు మాత్రం ఆగలేదు. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి వందన తర్వాత విహారంలోనే. ల్యాప్‌టాపు ఉన్నవాళ్లు తెచ్చుకోండి, లేనివాళ్లు నోటు పుస్తకం తెచ్చుకోండి. కరెంటు పోతే నల్లబల్ల ఉంది. సుద్దముక్కలు అయిపోవచ్చాయి, వచ్చేవాళ్లు ఎవరైనా ఒక డబ్బా తెస్తే బాగుంటుంది.